గోల్ఫు కర్రకు బొట్టు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, లేని చోట ఉన్నా చదివేవారు సర్దుకోవాలి. ళ రాయాల్సిన చోట ల రాస్తానని మా గోడౌను హేమమ్మ అంటుంది. నా రాత నిదానం కూడా. ఈ మాత్రం రాయడానికి వానాకాలం మొత్తం పట్టింది. మా కేసు గురించి పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి గానీ అందులో నేను లేను, బొట్టు లేదు. ఆ రెండూ లేకుండా ఆ కేసు ఎవరికీ అర్థం కాదు. అందుకని రాస్తున్నాను.

నేను పనిచేసేది విజయవాడ వన్ టౌన్లో మణికుమార్ గారి గోడౌనులో. వాళ్ళది తాతల నాటి నుంచి చీరల వ్యాపారం. మణికుమార్ బాబు చేతికి వచ్చాక చీరలతో పాటు బకెట్లు, కుక్కర్లు, స్కూలు బ్యాగులు, అన్నీ తక్కువ రేటుకి అమ్మే బజార్లు పెట్టాడు. విజయవాడలో, హనుమాన్ జంక్షన్లో, బందరులో ఉన్నాయి. పెద్ద కంపెనీల సరుకులో ఏది బాగా పోతోందో చూసి, అలాంటిదే చవకగా చేయించి, దాని మీద ‘డెల్టా’ అని పేరు వేయిస్తాడు. డెల్టా కుక్కరు, డెల్టా గొడుగు, డెల్టా టార్చిలైటు. ఏదీ చెడ్డది కాదు. ఏదీ మరీ మంచిదని కూడా అనలేం.

కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న ఆసామి ఒకాయన హైదరాబాదులో గోల్ఫు ఆట నేర్చుకుని వచ్చాడు. హనుమాన్ జంక్షన్ బజారులో గొడుగు కొంటూ, “ఏమయ్యా, మీ డెల్టాలో గోల్ఫు కర్రలు కూడా వస్తున్నాయా?” అని వెటకారంగా అడిగాడట. మణికుమార్ బాబుకి వెటకారం అర్థం కాదు. ఆర్డరు అనుకున్నాడు.

ఆ ఆటలో చాలా రకాల కర్రలు ఉంటాయి. బంతిని దూరం కొట్టడానికి పొడుగువి, చివర్లో మెల్లగా గుంటలోకి నెట్టడానికి ఒక పొట్టిది. ఆ పొట్టిదాన్ని పట్టర్ అంటారు. పొడుగువి చేయించడం కష్టమని బాబు పొట్టిదానితో మొదలుపెట్టాడు. ఆటోనగర్లో ఇనప తల పోత పోయించి, దానికి గొట్టం బిగించి, రబ్బరు పిడి తొడిగితే పట్టర్ అయిపోయేది. రొయ్యల వాళ్ళు చెరువు గట్ల మీద ప్రాక్టీసు చేసుకోవడానికి కొన్నారు. అపార్ట్‌మెంట్ల పిల్లలు కొన్నారు. కొందరు కుక్కల్ని అదిలించడానికి కొన్నారని మా ప్యాకింగు వాళ్ళు అంటారు. నేను చూడలేదు.

మొదటి సరుకు దసరాకి ముందు వచ్చింది. గోడౌను చూసుకునేది హేమమ్మ, మణికుమార్ బాబు భార్య. తూకం మిషనుకైనా, కుట్టు మిషనుకైనా, కొత్తగా వచ్చినదానికి బొట్టు పెట్టందే ఆవిడ వాడనివ్వదు. కర్రల్ని వరసగా గోడకి ఆనించి, ఒక్కోదాని తల మీద బొటనవేలితో పసుపు గుండ్రంగా అద్ది, దాని మధ్యలో ఉంగరపు వేలితో కుంకుమ పెట్టింది. రెండో సరుకు పండగ అయిపోయాక వచ్చింది కాబట్టి బొట్టు లేకుండానే బజార్లకి వెళ్ళింది. వారం తిరక్కుండా కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చారు.

“మా బావమరిది కొన్నదానికి బొట్టు ఉంది. దీనికి లేదేం? ఇది డూప్లికేటా?”

డెల్టా సరుకుకి డూప్లికేటు ఉంటుందని ఒకరు అనుకోవడం బాబుకి చాలా సంతోషం కలిగించింది. అప్పటి నుంచి ప్రతి కర్రకీ బొట్టు తప్పనిసరి అయింది. కుంకుమ చెరిగిపోతోందని పెయింటు డబ్బాలు తెచ్చాడు, పసుపుది ఒకటి, ఎరుపుది ఒకటి.

పెయింటు వాసనకి హేమమ్మకి తలనొప్పి వచ్చేది. ఒక రోజు నన్ను పిలిచి, “పిన్నిగారూ, మిగతావి మీరు పెట్టేయండి” అని లేచి వెళ్ళిపోయింది. ఆవిడ ఆలోచించకుండా ఇచ్చింది. నేను ఆలోచించే తీసుకున్నాను.

మాది కృత్తివెన్ను దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన కాశీరావు వేటకి వెళ్ళేవాడు. పడవ నీళ్ళలోకి దిగే ముందు దాని ముక్కుకి బొట్టు పెట్టేది నేనే. ఆయన కామెర్లతో పోయాక పడవ మా మరిది చేతికి వెళ్ళింది. పడవ బయలుదేరే వేళకి నన్ను అటు రావద్దన్నారు. ఎవరూ కసురుకోలేదు, మర్యాదగానే చెప్పారు. “ఎండగా ఉంది వదినా, మీరు లోపల ఉండండి” అన్నాడు మా మరిది. పడవలు తెల్లవారక ముందే వెళతాయి.

తరవాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కూడా నాకు అలాగే ఎండగా ఉండేది. కొన్నాళ్ళకి విజయవాడ వచ్చి ఈ గోడౌనులో ప్యాకింగులో చేరాను. అట్టపెట్టెల మీది మాటలు చూపించి హేమమ్మే నాకు అక్షరాలు నేర్పింది. నేను మొదట చదివిన మాట ‘జాగ్రత్త’. ఇన్నేళ్ళకి మళ్ళీ వేలికి ఎర్రరంగు అంటింది. అది పెయింటని నాకు తెలుసు. అయినా మొదటి రోజు పని అయ్యాక వెంటనే కడుక్కోలేదు.

బాబు కర్రల్ని కంప్యూటర్లో కూడా అమ్మడం మొదలుపెట్టాడు. అక్కడ వాటిని చూడకూడని వాళ్ళు చూశారు. ఢిల్లీ నుంచి నోటీసు వచ్చింది.

ఢిల్లీలో ఉన్న లాయర్ల చేత దాన్ని పంపించింది బయటి దేశపు కంపెనీ. గోల్ఫు కర్రల్లో చాలా ఖరీదైనవి వాళ్ళవేనట. పేరు రాయొద్దని మా లాయరు తేజేశ్వర్ గారు చెప్పారు కాబట్టి పెద్ద కంపెనీ అని రాస్తాను. తేజేశ్వర్ గారు గోడౌనుకి వచ్చి చీరల మూట మీద కూచుని నోటీసు అర్థం చెప్పారు.

“పట్టర్ తల పైభాగాన, నడిమధ్యలో, ఒకదానిలో ఒకటి రెండు రంగుల గుండ్రాలు వేస్తే ఆడేవాడి చూపు సరిగ్గా బంతి మధ్యకి కుదురుతుంది. అది మేమే కనిపెట్టాం, మాకు పేటెంటు ఉంది, ఇంకెవరూ అలా వేయకూడదు అంటున్నారు. వెంటనే ఆపమంటున్నారు.”

“పట్టర్ అన్నారు కదా, ఎవరూ పట్టరనుకున్నానండీ” అన్నాడు మణికుమార్ బాబు.

“బయటి దేశాల్లో ఇలాంటి గొడవలు మామూలే. చవక కొట్లవాళ్ళు కర్ర దింపుతారు, పెద్ద కంపెనీవాళ్ళు నోటీసు దింపుతారు. మన జిల్లాలో మాత్రం మీరే మొదలు.”

“అయితే బొట్టు వాళ్ళు కనిపెట్టారా?” అంది హేమమ్మ.

“బొట్టు అనలేదమ్మా. రెండు రంగుల గుండ్రాలు అన్నారు.”

“పసుపు గుండ్రంలో ఎర్ర గుండ్రం ఉంటే దాన్నేమంటారు మీ ఇంట్లో?”

తేజేశ్వర్ గారు జేబులోంచి పెన్ను తీశారు. “మనం కూడా అదే అందాం” అన్నారు.

మా జవాబు అలా తయారైంది. ఇది గురి చూసుకునే గుర్తు కాదు, బొట్టు. ఈ ఊళ్ళో లారీకి, బోరు మోటారుకి, బీరువాకి పెట్టేదే. పేటెంటు పుట్టకముందు నుంచీ ఉంది. కోర్టు ఆపమంటే కర్రల పని మొత్తం ఆగిపోతుందని, ఆగితే నా పని కూడా పోతుందని నాకు తెలుసు. అందుకని ఈ జవాబు వినగానే నాకు ధైర్యం వచ్చింది.

ఆ జవాబుకి వాళ్ళు ఊరుకోక ఇక్కడి కోర్టులోనే కేసు వేశారు. వాయిదా రోజు నన్ను కూడా కోర్టుకి తీసుకెళ్ళారు, అవసరమైతే బొట్టు పెట్టి చూపించడానికి. వెనక బెంచీలో కూచోబెట్టారు. లాయర్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. పెద్ద కంపెనీ తరఫున ఈ ఊరి లాయరే వాదిస్తున్నాడు, శివాజీ గారని. కాసేపటికి ఆయన తెలుగులోకి దిగారు. ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పడం కుదరదనుకుంటాను.

“అయ్యా, మాది అవనిగడ్డ. మా ఇంట్లోనూ ట్రాక్టరుకి బొట్టు పెడతారు. ఆచారం నాకూ తెలుసు. కానీ పెట్టేది ముత్తైదువ. వీరి గోడౌనులో ఈ గుండ్రాలు పెట్టే ఆవిడకి భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఇదుగో, వెనక కూచున్నారు. భర్త పోయిన ఆవిడ చేత బొట్టు పెట్టించే ఆచారం కృష్ణా జిల్లాలో ఏ ఇంట్లో ఉందో చూపించమనండి. ఆచారం కాదంటే ఇది బొట్టు కాదు, గురి గుర్తు.”

కోర్టులో అందరూ వెనక్కి తిరిగి నా నుదురు చూశారు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. వాళ్ళకి కావలసింది కూడా అదే.

జడ్జిగారు మా లాయరు వైపు చూశారు. మా లాయరు కాగితాల వైపు చూశారు. గోడౌనుకి కోర్టు తరఫున ఒక కమిషనర్ వెళ్ళి, బొట్టు ఎవరు పెడుతున్నారో, ఎలా పెడుతున్నారో కళ్ళారా చూసి చెప్పాలని జడ్జిగారు రాశారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను లెక్క వేసుకున్నాను. అది బొట్టయితే నేను పెట్టకూడదు. నేను పెడితే అది బొట్టు కాదు. ఏదో ఒకటి పోవాలి, బొట్టో, నేనో.

మర్నాడు తేజేశ్వర్ గారు ఉపాయంతో వచ్చారు.

“కమిషనర్ వచ్చిన రోజు హేమ గారు కూచుని పెడతారు. పోలేరమ్మ గారు ఇంటి దగ్గర ఉంటారు” అన్నారు నన్ను చూపించి.

“ఆవిడ మొహం శివాజీ గారు చూశారు సార్. ఆ రోజే కనపడకపోతే దాచేశామంటారు” అన్నాడు బాబు.

“అయితే ఉండనివ్వండి. టీలు ఇస్తూ ఉంటారు. ఎవరైనా ఆయన గురించి అడిగితే...” అని నా వైపు తిరిగారు. “మీ ఆయన పేరేంటమ్మా?”

“కాశీరావండీ.”

“కాశీరావు గారు ఊళ్ళో లేరని చెప్పండి. అబద్ధం కాదుగా?”

“కాదండీ. ఊళ్ళో లేరు.”

“ఎప్పుడొస్తారని అడిగితే?” అన్నాడు మణికుమార్ బాబు.

దానికి ఆలోచించుకుని చెబుతానన్నారు లాయరు గారు.

ఆయన వెళ్ళాక హేమమ్మ నా పక్కన కూచుంది. “ఏమీ అనుకోకండి పిన్నిగారూ. ఈ గండం గట్టెక్కాలి.”

“గట్టెక్కాక మళ్ళీ నేనే పెడతానా?”

హేమమ్మ చీర కొంగు సర్దుకుంది. “ముత్తైదువే పెడుతుందని కోర్టులో చెప్పాక మళ్ళీ మీ చేత ఎలా పెట్టిస్తాం? ప్యాకింగులో మీకు పని ఎప్పుడూ ఉంటుంది.”

గెలిస్తే బొట్టు హేమమ్మది. ఓడితే ఎవరిదీ కాదు. నాకు రెండింటికీ తేడా కనపడలేదు. ఆవిడ తప్పు కూడా నాకు కనపడలేదు. సరేనన్నాను.

కమిషనర్ వచ్చే రోజు పొద్దున్నే హేమమ్మ కిరసనాయిలు, పాత గుడ్డ తెచ్చి నా ఉంగరపు వేలు రుద్దింది. పైరంగు పోయింది గానీ గోరు చుట్టూ, గీతల్లో దిగిన ఎరుపు పోలేదు. సబ్బు పెట్టింది, నిమ్మచెక్క పెట్టింది. వేలు ఇంకా ఎర్రబడింది.

“పోనీండి. కుడిచెయ్యి కొంగులో పెట్టుకోండి. టీ ఎడంచేత్తో ఇవ్వండి” అంది.

గోడౌనంతా పూజ గదిలా తయారుచేశారు. కుక్కర్ల దొంతరకి బంతిపూల దండ వేశారు. అగరొత్తులు, కొబ్బరికాయ, అరటిపళ్ళు పెట్టారు. హేమమ్మ పట్టుచీర కట్టుకుని పీట మీద కూచుంది. ఎదురుగా కర్రలు, పక్కన వెండి పళ్ళెంలో పెయింటు డబ్బాలు.

కమిషనర్ మల్లీశ్వరి గారు కూడా లాయరే. స్టీలు స్కేలు, కాగితాలు తెచ్చుకున్నారు. వెంట శివాజీ గారు, మా తేజేశ్వర్ గారు.

“రోజూ ఇలాగే చేస్తారా?” అన్నారు ఆవిడ దండ చూసి.

“రోజూనండీ” అన్నాడు బాబు. అరటిపళ్ళ మీద మా బజారు స్టిక్కరు ఇంకా అలాగే ఉంది.

హేమమ్మ బొట్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి చాలా పొందికైన చెయ్యి. ముగ్గు వేస్తే చుక్క కదలదు. భయం వల్ల ఆ రోజు ఇంకా జాగ్రత్తగా పెట్టింది. మల్లీశ్వరి గారు ఒక్కోదాన్ని స్కేలుతో అటు ఇటు కొలిచి, “సరిగ్గా మధ్య” అని రాసుకున్నారు. మళ్ళీ కొలిచి, “ఇదీ మధ్యే” అన్నారు.

శివాజీ గారి మొహం వెలిగింది. మా లాయరు గారికి దగ్గు వచ్చింది.

“మేడమ్, ఇది రాసుకోండి. వెంట్రుక వాసి తేడా లేకుండా నడిమధ్యలో పెడుతున్నారు. మా పేటెంటు చెప్పేది ఇదే.”

“ముత్తైదువ బొట్టు మధ్యలోనే పెడుతుంది సార్, చెవి మీద పెడుతుందా?” అన్నారు తేజేశ్వర్ గారు.

“మరి ట్రాక్టరుకి మధ్య ఎక్కడుందండీ? మా అమ్మ ఏ మూల అందితే ఆ మూల పెడుతుంది.”

వాళ్ళిద్దరూ ట్రాక్టరు గురించి వాదించుకుంటూ ఉండగా మల్లీశ్వరి గారు లేచి, వెనక ప్యాకింగుకి సిద్ధంగా ఉన్న దొంతరలోంచి ఒక కర్ర లాగారు. స్కేలు పెట్టారు. ఇంకోటి లాగారు.

“ఇది ఎడమకి ఉంది. ఇది ఇంకా ఎడమకి ఉంది. ఇదేంటి, అంచు మీద ఉంది?” అని హేమమ్మ వైపు చూశారు. “ఇవి మీరు పెట్టినవి కావు.”

హేమమ్మ పళ్ళెంలోకి చూసింది. అప్పుడు మణికుమార్ బాబు, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, “టీ తెండి, టీ తెండి” అని అరిచాడు.

నేను పళ్ళెం ఎడమచేతిలో పట్టుకుని వచ్చాను. ఎడంచేత్తో ఇవ్వాలన్న మాట నాకు గుర్తుంది. కానీ ఇంటికొచ్చిన మనిషికి, అందులో కోర్టు నుంచి వచ్చిన ఆడమనిషికి, ఎడంచేత్తో గ్లాసు ఎలా అందిస్తాం? చెయ్యి దానంతట అదే కొంగులోంచి బయటికి వచ్చింది. గ్లాసు అంచు పట్టుకున్న ఉంగరపు వేలు మల్లీశ్వరి గారి కళ్ళ ముందు ఉంది.

“ఆ వేలికి ఏంటమ్మా?”

నేను మా లాయరు గారి వైపు చూశాను. ఆయన పైకప్పు రేకుల వైపు చూస్తున్నారు.

“బొట్టండీ.”

“ఎవరికి పెట్టారు?”

“కర్రలకండీ. ఆ వెనక ఉన్నవన్నీ నేను పెట్టినవే.”

“కాశీరావు గారు ఊళ్ళో లేరు” అన్నారు తేజేశ్వర్ గారు హడావిడిగా.

“ఆయనెవరు?” అన్నారు మల్లీశ్వరి గారు.

“మా ఆయనండీ. పోయారు” అన్నాను.

హేమమ్మ పీట మీద నుంచి లేచింది. నేను చెప్పకూడనిది చెప్పేశానని తెలుసు. మిగతా టీ గ్లాసులు కూడా కుడిచేత్తోనే అందించాను.

శివాజీ గారు నా దగ్గరికి వచ్చారు. మర్యాదగానే అడిగారు. “అమ్మా, భర్త పోయినవాళ్ళు బొట్టు పెట్టకూడదని మీకు తెలుసు కదా?”

“తెలుసండీ.”

“మరి పెడుతున్నారే?”

“మనుషులకి వద్దన్నారండీ. పడవలకి వద్దన్నారు. గోల్ఫు కర్రలకి వద్దని ఎవరూ అనలేదు. మా ఊళ్ళో ఆ ఆట లేదండీ.”

మల్లీశ్వరి గారు అది ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు. తరవాత నన్ను కూచోబెట్టి, రోజూ ఎలా పెడతానో అలాగే పెట్టమన్నారు. హేమమ్మ పీట నా వైపు జరిపింది. నేను బొటనవేలితో పసుపు, ఉంగరపు వేలితో ఎరుపు పెట్టాను. స్కేలు వచ్చింది.

“పక్కకి పెడుతున్నారేం?”

“పక్కకి కాదండీ. మధ్యలోనే పెట్టాను.”

“ఇది మధ్యా?”

“నాకు మధ్యేనండీ.”

“కళ్ళు చూపించుకున్నారా?”

“శుక్లాలన్నారండీ. దసరా అయ్యాక ఆపరేషన్‌కి రమ్మన్నారు.”

శివాజీ గారికి నమ్మకం కలగలేదు. నేను కావాలని పక్కకి పెడుతున్నానని ఆయన అనుమానం. వెనక దొంతరలోంచి పాత కర్ర ఒకటి తీసుకుని, నేల మీద బంతి పెట్టి, గోడ వారగా ఉన్న టీ గ్లాసుకి గురిపెట్టారు. ఆయనకి ఆ ఆట వచ్చు. వంగి, నా బొట్టుని బంతికి ఎదురుగా తెచ్చుకుని, మెల్లగా కొట్టారు. బంతి గ్లాసు వైపు వెళ్ళలేదు. అరటిపళ్ళ పక్కనుంచి, గుమ్మం దాటి వీధిలోకి పోయింది. అక్కడ తోపుడు బండివాడు దాన్ని తీసుకుని, ఎవరిదని అడిగి, ఎవరూ పలక్కపోయేసరికి జేబులో వేసుకున్నాడు.

“ఇంకో కర్ర చూడండి సార్” అన్నాడు మణికుమార్ బాబు. సరుకు అమ్మే అలవాటు అది.

రెండో కర్రతో బంతి కుక్కర్లలోకి పోయింది.

తరవాత జరిగినదంతా బాబుకి చాలా కష్టంగా గడిచింది. కేసు గెలవాలంటే తన కర్రతో గురి కుదరదని తనే రాసివ్వాలి.

“మా బొట్టు చూసి కొడితే బంతి ఎటు పోతుందో మాకే తెలీదని రాస్తున్నారు సార్. రేపు ఎవరు కొంటారు?”

“కొనేవాళ్ళు కోర్టు కాగితాలు చదవరండీ” అన్నారు తేజేశ్వర్ గారు.

వాయిదాలో జడ్జిగారి బల్ల మీద రెండు కర్రలు పెట్టారు, ఒకటి హేమమ్మ పెట్టింది, ఒకటి నేను పెట్టింది. మీ పేటెంటు ఈ రెండింటిలో దేనిలో ఉందని జడ్జిగారు అడిగారు. శివాజీ గారు హేమమ్మది చూపించారు. అలాంటివి కమిషనర్ ముందు పెట్టడమే గానీ బజార్లలో ఎప్పుడైనా అమ్మారా అని జడ్జిగారు అడిగారు. దసరా నాటి కుంకుమ బొట్లు ఎప్పుడో చెరిగిపోయాయి, పెయింటు వచ్చాక పెట్టినవి హేమమ్మవి కొద్దే, తలనొప్పి వల్ల అవీ వంకరే. అలాంటిది ఒక్కటి కూడా తన దగ్గర లేదని శివాజీ గారు ఒప్పుకున్నారు. ఊరందరి దగ్గరా ఉన్నవి నావే.

అలా ముత్తైదువ పట్టుచీర కట్టుకుని పెట్టిన బొట్లు పెద్ద కంపెనీవి అయ్యాయి. నేను పెట్టినవి బొట్లు అయ్యాయి.

ఢిల్లీ వాళ్ళు ఈ ఊరికి ఇంక మనుషుల్ని పంపడం దండగ అనుకున్నట్టున్నారు, రాజీకి వచ్చారు. హేమమ్మ పెట్టిన కర్రలన్నీ వాళ్ళకి అప్పగించాలి. ఇక మీద గుర్తు అచ్చుతో గానీ మిషనుతో గానీ వేయకూడదు. చేత్తోనే, ఇప్పుడు పెడుతున్న పద్ధతిలోనే పెట్టాలి. శివాజీ గారు దానికి ఇంకో మాట చేర్పించారు. ఇప్పుడు పెడుతున్న వ్యక్తి చేతనే పెట్టించాలి. హేమమ్మ చెయ్యి మళ్ళీ కర్రల మీద పడకూడదని ఆయన పట్టుదల.

ఆ వ్యక్తిగా నేను కూడా సంతకం చేయాలన్నారు. వేలిముద్రకి ఇంకు డబ్బా తెచ్చారు. అక్కర్లేదని చెప్పి పెన్ను తీసుకున్నాను. నా పేరులో ఓత్వం, ఏత్వం, ఒత్తు అన్నీ ఉంటాయి. శివాజీ గారు అయ్యేదాకా నిలబడ్డారు. అయ్యాక కాగితం చూసి, “మా అమ్మకి చెబుతానమ్మా” అన్నారు. ఏం చెబుతారో అడగలేదు.

ఆ దసరాకి హేమమ్మ పసుపు కుంకుమల పళ్ళెం తెచ్చి, కర్రల దగ్గర కాకుండా, తూకం మిషను దగ్గర నా చేతికి ఇచ్చింది.

“కాగితంలో కర్రలే ఉన్నాయి హేమమ్మా” అన్నాను.

“తూకం మిషనుకి వద్దని అందులో ఉందా?”

“లేదు.”

“అయితే కానీండి. ఎండగా లేదుగా” అంది. ఆ మాట నేను ఆవిడకి ఎప్పుడు చెప్పానో గుర్తులేదు.

బయట మా లారీకి కూడా పెట్టాను. డ్రైవరు లాజరు చర్చికి వెళ్ళే మనిషి. “నాకు వద్దు గానీ బండికి పెట్టు పెద్దమ్మా, బ్రేకులు సరిగ్గా లేవు” అన్నాడు.

పండగ అయ్యాక ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు గోడౌనుకి వచ్చి నా బొట్లు చూసుకున్నాను. నిజమే, ఒక్కటీ మధ్యలో లేదు. మర్నాడే తేజేశ్వర్ గారు ఫోను చేశారు.

“కన్ను బాగుందా అమ్మా?”

“చాలా బాగా కనపడుతోందండీ.”

“అలాగైతే ఎలాగండీ? ఇప్పుడు పెడుతున్న పద్ధతిలోనే అని రాసిచ్చాం కదా.”

ఏమీ భయం లేదని చెప్పాను. రెండో కంటి ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు. బొట్టు పెట్టేటప్పుడు బాగైన కన్ను మూసుకుంటున్నాను. బొట్లు ఎప్పటిలాగే ఎడమకి పోతున్నాయి.

ఇది మాత్రం ఆ కన్ను తెరిచే రాశాను. ఇందులో తప్పులుంటే అవి కంటివి కావు, నావి.

పోలేరమ్మ, అరవై మూడేళ్ళు. ఉండేది విజయవాడ వన్ టౌన్, కొత్తపేటలో, గోడౌను వెనక సందు.